పుర్రె బోర్డు లేని గట్టు

ఆ ఏడు మా ఊరి చేలల్లో పుర్రె బొమ్మలు గీసింది నేనే. ఇరవై రెండు గీశాను. పిడుగురాళ్ల సున్నంతో తెలుపు, దీపం మసితో నలుపు. అన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయని చూసినవాళ్లు మెచ్చుకున్నారు. కానీ ఏ రెండూ ఒకలాగ లేవు. గీసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఒకటి పళ్లు ఇకిలించేది, ఒకటి ఏదో అడగబోయి ఆగినట్టుండేది.

రెండువేలు దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. వరసగా రెండో ఏడూ వానలు లేవు. మాకు సెంటు భూమి లేదు. మాది దూదేకేవాళ్ల ఇల్లు. నాయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. అమ్మా నేనూ బొంతలు కుట్టేవాళ్లం. పని చేసిన ఇంటివాళ్లు గింజలు కొలిచేవాళ్లు, దూది ఇచ్చేవాళ్లు. కూరకి మాత్రం మాకు ఊరి చేలన్నీ సొంతమే. పత్తి సాళ్ల మధ్య గంగపాయల కూర, గట్ల వెంట చెంచలి కూర మొలిచేవి. ఎవరి చేలోనైనా సరే, కలుపుతో పాటు మొలిచిన కూరని అడక్కుండా కోసుకోవచ్చు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ కాదన్నదీ కాదు.

పాలు మందల దగ్గర్నుంచి వచ్చేవి. పత్తి తీతలు అయిపోయే వేళకి దర్శి వైపు మెట్ట ఊళ్ల నుంచి గొర్రెలు, మేకలు తోలుకుని వచ్చేవాళ్లు. తీత అయిన చేలో మంద పగలు ఆకు మేసి, రాత్రి అక్కడే పడుకునేది. వాటి పెంటికలే ఆ చేనుకి ఎరువు. అందుకు బదులు రైతు మందవాళ్లకి జొన్నలు ఇచ్చేవాడు. మా అమ్మ మందవాళ్లకి పాత బొంతలు బాగుచేసి ఇచ్చి మేకపాలు తెచ్చేది. ఇలా ముగ్గురం ఒకళ్ల మీద ఒకళ్లం ఆనుకుని ఉండేవాళ్లం. నేను పుట్టకముందు నుంచీ అంతే.

ఆ ఏడు శివరాత్రికి కొంచెం ముందు మా అక్క కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అక్కకి పాలు పడలేదు. నర్సమ్మ చెప్పిందని టౌను నుంచి తెచ్చిన డబ్బాపాలు ఒక్క డబ్బాతో సరి. గేదె పాలు పోస్తే పిల్ల కక్కేది. నీళ్లు కలిపితే బలం పోతుందని అమ్మ చిక్కటివే పోసేది, అవి పోసినంత సేపట్లోనే బయటికి వచ్చేవి. మేకపాలు మాత్రం కడుపులో నిలిచాయి. మందలో ఒక ఎర్రమేక ఉండేది. రోజూ ఉదయం, సాయంత్రం చిన్న చెంబు పట్టుకుని నేను దాని దగ్గరికి వెళ్లేదాన్ని. మందావిడ అరవై దాటిన మనిషి. పాలు పిండుతూ నాతో కాక మేకతోనే మాట్లాడేది.

"చేపు తల్లీ, చేపు. నీ పిల్లకేం, గడ్డి కొరుకుద్ది. ఆ పిల్లకి పళ్లన్నా లేవు."

మేక నిజంగానే చేపేది.

గొడవ ఆ నెలలోనే మొదలైంది. అంతకు రెండు మూడేళ్ల నుంచే రైతులకి మందలతో పని తగ్గింది. బస్తా ఎరువు వేయడం అలవాటైంది, జొన్నలు ఇవ్వడం బరువైంది. దానికి తోడు బోర్లున్నవాళ్లు పత్తి చేల మధ్యలోనే మిరప వేయడం మొదలుపెట్టారు. ఎండిన చేలో మేస్తున్న మేకకి పక్కన పచ్చటి మిరపతోట కనిపిస్తే ఆగుతుందా? ఒక సాయంత్రం ఏడెనిమిది మేకలు కాపు మీదున్న తోటలో పడి సగం మడి నేలమట్టం చేశాయి. రైతు వాటిని తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టించాడు. మందావిడ మొగుడు విడిపించుకోబోతే చెయ్యి చేసుకున్నారు. మర్నాడు ఎరువుల కొట్టు ముందు రైతులందరూ చేరారు. ఇక మందలు రాకూడదన్నారు. రావద్దని చెబితే ఆగవు కాబట్టి, చేలకి విషం మందు కొట్టామని బోర్డులు పెట్టాలన్నారు.

బోర్డులు రాయడానికి నాకు కబురొచ్చింది.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ అంతకు కొన్నేళ్ల ముందు ఊళ్లో పెద్దవాళ్లకి చదువు చెప్పే కార్యక్రమం వచ్చినప్పుడు నేనే వాలంటీరుని. గోడల మీద నినాదాలు రాసింది నేనే. పక్క పెద్దూళ్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి వారానికి రెండుసార్లు నడిచి వెళ్లేదాన్ని. అక్కడ బీరువా పై రెండు అరలూ ముగించాను. వంటల పుస్తకం నుంచి ఖగోళశాస్త్రం దాకా, ఏది చేతికొస్తే అది. నాకు తెలియనిది ఏదో ఒక పుస్తకంలో ఉండే ఉంటుందనీ, ఏ పుస్తకంలోనూ లేనిదైతే దాని గురించి బెంగపడనక్కర్లేదనీ అనుకునేదాన్ని. ఎరువుల కొట్టు ముందుకి వెళ్లేటప్పుడు మంచి చీర కట్టుకుని వెళ్లాను.

"గొర్రెలోళ్లకి చదువెక్కడ ఏడ్చింది?" అన్నాడు ఒక రైతు. "ఈ అమ్మాయి 'విషము చల్లబడినది' అని రాస్తే, వాడు దానికి ఆనుకుని చుట్ట కాల్చుకుంటాడు."

"అయితే బొమ్మ గీస్తాను బాబాయ్" అన్నాను. రసాయనాల గురించి పిల్లలకి రాసిన పుస్తకంలో ఆ గుర్తు చూశాను. పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. "విషం అంటే ఎక్కడైనా ఇదే గుర్తు. అక్షరం రానివాళ్లకి కూడా తెలుస్తుంది."

అందరూ మెచ్చుకున్నారు. పురుగుమందు డబ్బాలు చీల్చి రేకులు సాపు చేసి ఇచ్చారు. అప్పుడు నేను అడిగాను.

"నిజంగా మందు కొడతారా?"

నవ్వులు లేచాయి. "తీత అయిపోయిన చేనుకి మందు కొట్టడానికి మాకేమన్నా పిచ్చా అమ్మాయ్? ఉత్తుత్తినే." ఆ నవ్వులోనే ఇంకొకాయన, "ఈ మాట నీ నోట్లోంచి బయటికి రాకూడదు సుమా. మీ నాయన కుట్టే పరుపుల్లో దూది ఎవరి చేలోదో గుర్తుంచుకో" అన్నాడు. ఆ మాట అంటూ ఆయనా నవ్వుతూనే ఉన్నాడు.

బోర్డు వద్దన్నది ఒక్కడే. చెరువుకట్ట దిగగానే ఉండే చేను ఆయనది. బోరు ఉంది. అందరి పత్తీ ఎండి కట్టెగా నిలబడితే, ఆయనది ఇంకా పచ్చగా, ఆఖరి తీతకి కాయ మీద ఉంది. నేను రేకు తీసుకెళితే వెనక్కి అడుగు వేశాడు.

"పచ్చటి చేలో పుర్రె పెట్టమంటావా? వల్లకాడనుకున్నావా నా చేను?"

"ఇది శాస్త్రీయమైన గుర్తు బాబాయ్. ప్రపంచమంతా ఇదే పెడతారు."

"పెట్టుకోమను ప్రపంచాన్ని. నా పత్తి కాయ మీదుంది. తీసుకుపో ముందు ఇక్కణ్ణుంచి."

ఆయన గట్టు మీద దిష్టికి బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది. మూఢనమ్మకం అనుకుని నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను. బోర్డు తీసుకున్న ఇరవై రెండు చేలూ పంట అయిపోయిన చేలు. వద్దన్న ఒక్క చేనే బతికి ఉన్న చేను. ఆ సంగతి నా కళ్ల ముందే ఉంది. అంత చదివే నేను దాన్ని మాత్రం చదవలేదు.

బోర్డులు లేచాక పొలం మారిపోయింది.

రేకుల్ని కర్రలకి తీగతో వదులుగా కట్టారు. పొద్దున్నపూట అవి బండిదారి వైపు చూసేవి. మధ్యాహ్నం మూడింటికి కొత్తపట్నం వైపు నుంచి సముద్రపు గాలి తిరిగేది. అప్పుడు తీగలు కిర్రుమంటూ ఇరవై రెండు పుర్రెలూ ఒక్కసారే ఊరివైపు తిరిగేవి. మా పెరట్లో బొంత కుడుతూ కూర్చుంటే ఆ కిర్రు వినిపించేది. తల ఎత్తి చూసేసరికి అన్నీ మా ఇంటినే చూస్తూ ఉండేవి. గాలి వల్ల అని నాకు తెలుసు. గాలి ఎందుకు తిరుగుతుందో కూడా పుస్తకంలో చదివాను. నేల వేడెక్కితే సముద్రం మీద చల్లగాలి ఇటు వస్తుంది. అది తెలిసీ నేను పీట తిప్పి వాటికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. అప్పుడు వీపు మీద తెలిసేది.

కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజులవి. ఎండకి ఘాటు లేచి ఊరంతా దగ్గేది. ఆ ఎర్రటి కల్లాలకి అవతల నల్లటి నేల మీద తెల్లటి ముఖాలు. మనిషి అలికిడి లేదు. కూరకి వచ్చే ఆడవాళ్లు కూడా రావడం మానేశారు.

"అమ్మా, మందు కొట్టలేదే" అని ఇంట్లో చెప్పేశాను. "ఉత్తుత్తి బొమ్మ. వెళ్లి కూర కోసుకురా."

"తెలుసు" అంది అమ్మ. "ఊళ్లో ఆడాళ్లందరికీ తెలుసు. మొగుళ్లు ఇంట్లో చెప్పకుండా ఉంటారా?"

"మరి?"

"మరేముంది. వెళ్లి చూశా. వంగితే అది పక్కనే నిలబడి చూస్తంటే ఎట్టా కొయ్యనే? నువ్వెళ్లి కొయ్యి, గీసినదానివి."

ఆ పట్టుదల మీద మిట్టమధ్యాహ్నం నేనే వెళ్లాను. ఒక బోర్డు కింద గంగపాయల కూర చాపలా పరుచుకుని ఉంది. ఎవరూ కోయక అంత ఏపుగా పెరిగిందని నాకు నేనే చెప్పుకున్నాను. పుర్రె మీద కాకి వాలి ఉంది. నన్ను చూసి ఎగరలేదు. నాలుగు గుప్పిళ్లు కోశాను. కోస్తున్నంత సేపూ ఎండుకట్టెల్లో నా వెనక ఎవరో ఆగినట్టూ, నేను ఆగితే వాళ్లూ ఆగినట్టూ ఉంది. వెనక్కి తిరిగి చూశాను. పత్తికట్టె తప్ప ఏమీ లేదు. ఇంటికొచ్చి పప్పులో వేసి వండాను. నాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. అక్క చేదుగా ఉందంది. నేను తిన్నాను. చేదేమీ లేదు. కానీ రెండో ముద్ద నేనూ తినలేదు. ఆ పప్పు అలాగే పారబోశాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో పచ్చడి మెతుకులే.

మందలు వెంటనే పోలేదు. దర్శి వైపు ఇంతకన్నా ఎండు. వెనక్కి పోవడానికి గడ్డి లేదు, ముందుకి పోవడానికి చేలు లేవు. మందావిడా, ఆమె మొగుడూ చెరువు పోరంబోకులో దిగిపోయారు. నీళ్లు లేని చెరువు అడుగున తుమ్మకాయలు రాల్చి మేపేవాళ్లు. పోతుమేక మెడలో గంట ఉదయం పూట కూడా నీరసంగా మోగేది. ఎర్రమేక పాలు అరచెంబు నుంచి గుక్కెడుకి దిగాయి.

పాప ఏడుపు కూడా అలాగే దిగింది. మొదట్లో వీధి చివరికి వినిపించేది. తర్వాత వాకిట్లోకి, ఆ తర్వాత గదిలోకే. చివరికి నోరు తెరిచి, ముఖం ముడుచుకుని, శబ్దం లేకుండా ఏడ్చేది. అలా ఏడుస్తున్నప్పుడు ఇంట్లో అందరం మాటలు ఆపి దాని నోటి వైపు చూసేవాళ్లం. అక్క దాని ఛాతీ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి లేస్తోందో లేదో చూస్తూ కూర్చునేది.

ఆ ఉదయం మందావిడ పొదుగు పిండి పిండి, చెంబు వంచి నాకు చూపించింది. అడుగు తడిసింది, అంతే.

"దీనికి పచ్చి ఆకు నాలుగు రోజులు పడితే చాలమ్మాయ్. పాలు అవే దిగుతయ్. యాడుందో చెప్పు, నువ్వు ఈ ఊరిదానివి. ఆ బొమ్మల చేలల్లోకి పోనా?"

అప్పుడు నిజం చెప్పవచ్చు. ఆ చేలల్లో ఏమీ లేదు, తోలుకుపో అనవచ్చు. ఆ మాట బయటికి వస్తే ఎవరు చెప్పారో అందరికీ తెలుస్తుంది. నాయన పరుపుల్లో దూది ఎవరిదో నాకు గుర్తుంది. అబద్ధం చెప్పకుండా, మాట బయటపెట్టకుండా, పాపకి పాలు వచ్చే దారి ఒకటి కనిపించింది నాకు. చాలా తెలివైన దారి అనిపించింది.

"వాటి జోలికి పోవద్దు పెద్దమ్మా" అన్నాను. "కట్ట దిగగానే ఉన్న చేను గట్టు చూడు. పచ్చగడ్డి ఉంది. చేలోకి దిగనీయకుండా గట్టు మీదే మేపుకో. మధ్యాహ్నం ఆయన ఉండడు."

"దానికి మందు కొట్టలేదా?"

"కొడితే బోర్డు ఉండేది. బోర్డులన్నీ నేనే రాశాగా."

ఆమె నా ముఖంలోకి చూసింది. చదువుకున్నవాళ్ల మాట నమ్మినట్టు నమ్మింది. "చల్లగా ఉండు తల్లీ" అంది.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి మంద అప్పుడే గట్టు మీంచి వచ్చి చెరువు అడుగున నిలబడి ఉంది. మేకలు మామూలుగా అటూ ఇటూ తిరుగుతాయి, పొడుచుకుంటాయి. ఆ రోజు ఒక్కటీ కదలడం లేదు. అన్నీ తలలు వంచి ఒకే వైపు నిలబడ్డాయి. గంట మోగడం లేదు. మందావిడ మొగుడు కాస్త దూరంలో ఒక మేకపిల్లని ఒళ్లో పెట్టుకుని దాని నోరు తుడుస్తున్నాడు. ఎండ దెబ్బ అనుకున్నాను. ఎర్రమేక ఆ రోజు చేపింది. అరచెంబు దాకా వచ్చాయి. పిండుతుంటే దాని వెనక కాళ్లు సన్నగా వణికాయి.

"కడుపు నిండినట్టుంది" అంది మందావిడ. ఆమె గొంతులో సందేహం ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. నేను చెంబు వైపే చూస్తున్నాను.

ఇంటికొచ్చి కాచాం. చల్లార్చాం. దీపాలు పెట్టే వేళ. అక్క పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెలో పోసింది. పాప వాసన పట్టి నోరు తెరిచింది. అప్పుడు పొలం వైపు నుంచి కేక వినిపించింది. మొదట అది మనిషి గొంతులా లేదు.

పెరట్లోకి వచ్చి చూశాను. గాలి తిరిగి ఉంది. పుర్రెలన్నీ మావైపే చూస్తున్నాయి. వాటి మధ్యలోంచి, నెల రోజులుగా మనుషులు తిరగని చేలల్లోంచి, ఒక ఆకారం చీర పైకి దోపి పరిగెత్తుకొస్తోంది. పడుతోంది, లేస్తోంది. పత్తికట్టె విరుగుతున్న శబ్దం ముందుగా వచ్చింది. మాటలు తర్వాత వచ్చాయి.

"పొయ్యమాకండే! ఆ పాలు పొయ్యమాకండే!"

నేను లోపలికి పరిగెత్తి అక్క చెయ్యి పట్టుకున్నాను. గిన్నె పాప పెదవికి ఆని ఉంది. పెదవి మీద ఒక చుక్క ఉంది. లోపలికి పోయిందో లేదో అక్కకీ తెలియదు. కొంగుతో నోరంతా తుడిచింది. పాప నోరు తెరిచే ఉంచింది. ఇంకా వస్తాయనుకుంటోంది.

మందావిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. కాళ్ల నిండా గీరుకుపోయిన గాట్లు. ఊపిరి అందాక చెప్పింది. మేకలు నురగ కక్కుతున్నాయి. పడినవి లేవడం లేదు. ఎర్రమేకా పడింది. పెద్దదారిన చుట్టూ తిరిగి వస్తే ఆలస్యమవుతుందని అడ్డంగా వచ్చేసింది.

"ఆ బొమ్మల చేలల్లోంచి వచ్చావా?" అంది అమ్మ.

"రాక? పసిదాని నోరు. నాకేమన్నా అయితే అవుద్ది, అయ్యే వయసే."

మందు ఉందనుకునే వచ్చింది. ఆ గాట్ల కాళ్లతో వచ్చింది. నేను ఆగలేకపోయాను.

"ఆ చేలల్లో మందు లేదు పెద్దమ్మా. ఉత్తుత్తి బోర్డులు."

ఆమె వంగి తన కాళ్ల మీది గాట్లు చూసుకుంది.

"ఉన్నకాడ లేదు. లేనికాడ ఉంది" అంది నెమ్మదిగా. "ఇదేం చదువమ్మా?"

మొగుడి దగ్గరికి వెళ్లాలని వెనక్కి తిరిగింది. వెళ్లేటప్పుడు కూడా అడ్డంగానే వెళ్లింది.

పాలు బూడిదలో పోసి, గిన్నె కూడా పారేశాం. పాపకి ఏమీ కాలేదు. ఆ సంగతి తెలిసేదాకా అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది.

ఆ చేను రైతు ముందురోజే ఆఖరి కాయ కోసం మందు కొట్టించాడు. గట్టు దాకా తడిపి కొట్టారట. పంట మీదున్న చేనుకి ఎవరైనా కొడతారు. అది ఊళ్లో ప్రతి రైతుకీ తెలుసు, ఆయన దాచిందీ లేదు. ఎవరూ ఆయన్ని అడగలేదు, నేనూ అడగలేదు. పద్నాలుగు జీవాలు చచ్చాయి. చెరువు అడుగున గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చారు. ఆ వారం ఊళ్లో ఏ ఇంట్లోనూ మాంసం వండలేదు.

పాపకి ఏదో ఒకటి పట్టాలి. కరువులో పచ్చి మేత ఉన్నది బోరున్న ఆ రైతు ఇంట్లోనే. వట్టిపోని గేదె ఉన్నదీ ఆ ఇంట్లోనే. తెల్లవారగానే అమ్మ నన్ను అక్కడికే పంపింది. ఆయన భార్య చెంబు నింపి ఇచ్చింది. "పసిదానికేగా, రోజూ వచ్చి తీసుకెళ్లు" అంది.

ఆ చెంబుతో వస్తుంటే ఎరువుల కొట్టు ముందు జనం కనిపించారు. మందావిడా, ఆమె మొగుడూ నిలబడి ఉన్నారు. ఆ రైతు కుర్చీలో కూర్చోలేదు, ఆయనా నిలబడే ఉన్నాడు. ఆయన ముఖం కూడా బాగాలేదు.

"నాకేమన్నా సరదాటయ్యా, జీవాల్ని చంపడం?" అంటున్నాడు. "నా గట్టు. నా చేను. ఎవరు దిగమన్నారు మిమ్మల్ని?"

"ఎవరు చెప్పారో చెప్పవే" అన్నాడు మొగుడు ఆమెతో. "నువ్వేగా ఎవరో చెప్పారన్నావు."

అప్పుడు మందావిడ నన్ను చూసింది. జనం వెనక, చేతిలో పాల చెంబుతో, కొంగు కప్పుకుని నిలబడ్డ నన్ను. నోరు తెరుస్తుందని ఎదురుచూశాను. తెరిస్తే నేను కాదనను అనుకున్నాను. నాకై నేను తెరవాలని మాత్రం అనుకోలేదు. చెంబు ఇంకా వెచ్చగా ఉంది. దానికోసం రేపూ, ఎల్లుండీ అదే గుమ్మానికి వెళ్లాలి.

"ఎవరూ చెప్పలా" అంది. "గడ్డి కనపడింది. దిగాం."

దిగడం మందవాళ్ల తప్పని తేల్చారు. మర్నాటికల్లా ఊరి పొలిమేర దాటాలన్నారు.

ఇంట్లో పాప ఆ గేదె పాలు సగం కక్కింది. సాయంత్రమూ కక్కింది. నేను గ్రంథాలయం నుంచి తెచ్చిన శిశుపోషణ పుస్తకం అంతా తిరగేశాను. పాలు పట్టడం గురించి ఒక అధ్యాయం ఉంది. తల్లిపాలే శ్రేష్ఠమని ఉంది.

మర్నాడు పొద్దున్నే మంద బండిదారిన వెళ్లిపోతుంటే పరిగెత్తాను. గంట మోగుతోంది కానీ మంద పొడుగు తగ్గిపోయింది. కళ్లు అలవాటుగా ఎర్రమేక కోసం వెతికాయి. మందావిడ వెనకగా నడుస్తోంది. నేను పక్కన నడిచాను. క్షమించమని అడగాలని వచ్చాను. ఆ మాట తెలుగులో ఎన్ని పుస్తకాల్లో చదివానో, నోటితో ఒక్కసారీ అనలేదు.

"పిల్ల ఏమన్నా తాగుతోందా?" అంది ఆమె.

"తాగి కక్కుతోంది పెద్దమ్మా."

"ఏం పాలు?"

"గేదె పాలు."

ఎవరి గేదె అని అడగలేదు. ఆ ఊళ్లో అప్పుడు పాలిచ్చే గేదె ఎవరింట్లో ఉందో నెల రోజులుగా గడ్డి వెతికిన మనిషికి తెలియకుండా ఉంటుందా?

"చిక్కటియి పొయ్యమాకండి. ఒకటికి రెండు నీళ్లు కలిపి, వాము గింజలు నాలుగేసి కాచండి. చల్లారినాక మీగడ తీసెయ్యండి. వేలితో ముంచి పెదాలకి రాసి, చప్పరించినాకే పొయ్యండి. తొందరపడొద్దు." చెప్పి, వెనకబడిన ఒక మేకని అదిలించింది. "ఇక పో. ఎవరన్నా చూస్తే నిన్నంటారు."

ఇంటికొచ్చి ఆమె చెప్పినట్టే చేశాను. ఒకటికి రెండు, నాలుగు వాము గింజలు. అక్క వేలు ముంచి పాప పెదాలకి రాసింది. చప్పరించింది. గిన్నెడు తాగింది. తాగి, మేము ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తుండగా, నిద్రపోయింది. కక్కలేదు.

అప్పటి నుంచి ఆరు నెలలు రోజూ రెండు పూటలా నేను ఆ రైతు ఇంటికి వెళ్లాను. మందకి ఆ గట్టు చూపించింది నేనేనన్న మాట ఏ పూటా ఎత్తలేదు. మందలు మళ్లీ మా ఊరి వైపు రాలేదు.